తిరుపతి నుంచి లేహ్‌కి గాలిదూరం ఎంత, ఎంతసేపు పడుతుంది? మూడు లెక్కలు మూడు రకాలుగా వస్తున్నాయి

పాకాల జంక్షన్
రేణిగుంట విమానాశ్రయం నుంచి లేహ్ విమానాశ్రయానికి గాలిదూరం కచ్చితంగా కావాలి. ఒక సైటులో 2,280 కి.మీ. అని ఉంది, ఇంకోదాంట్లో 2,289. ఎక్సెల్‌లో నేనే ఫార్ములా కట్టి చూస్తే 2,311 వచ్చింది. వేసిన అంకెలు ఇవి: తిరుపతి 13.3757, 79.3236. లేహ్ 34.0809, 77.3247. ఏది సరి?
రెండోది, నేరుగా ఫ్లైట్ లేదు కాబట్టి ఇల్లు వదిలిన దగ్గర్నుంచి లేహ్‌లో దిగేదాకా మొత్తం ఎంతసేపు పడుతుందో ఉన్నదున్నట్టు చెప్పండి. సెప్టెంబర్‌లో నలుగురు, అందులో ఒకరికి 68 ఏళ్ళు.

లెక్కల మేష్టారు
మీ ఫార్ములాలో తప్పు లేదు, అంకెల్లో ఉంది. రేణిగుంట అక్షాంశం 13 డిగ్రీల 37 నిమిషాల 57 సెకన్లు. దాన్ని మీరు 13.3757 అని వేశారు. నిమిషాలు, సెకన్లు చుక్క తర్వాత అలాగే రాస్తే కుదరదు. 37ని 60తో, 57ని 3600తో భాగించి కలపాలి. అప్పుడు 13.6325 వస్తుంది. మిగతావీ అంతే: రేఖాంశం 79.5433, లేహ్ 34.1358, 77.5464.
ఈ పొరపాటుతో రేణిగుంట ఉన్నచోటి కంటే 28 కి.మీ. దక్షిణానికి జరిగింది, లేహ్ 6 కి.మీ. జరిగింది. రెండూ ఒకే దిక్కుకి జరిగాయి కాబట్టి తేడా 22 దగ్గర ఆగింది. మీ 2,311లోంచి 22 తీసేయండి, 2,289 వస్తుంది.
సరిచూసుకోవడానికి మెట్లు: అక్షాంశాల తేడా 20.5033, సగం 10.2517, దాని సైన్ వర్గం 0.031674. రేఖాంశాల తేడా 1.9969, సగం 0.9985, దాని సైన్ వర్గాన్ని రెండు అక్షాంశాల కొసైన్లతో గుణిస్తే 0.000244. రెండూ కలిపితే 0.031918. వర్గమూలం 0.17866. దాని ఆర్క్‌సైన్ 0.17962. రెండింతలు చేసి భూమి వ్యాసార్ధం 6,371తో గుణించండి. ఎక్సెల్‌కి డిగ్రీలు అర్థం కావు, ప్రతి కోణాన్నీ ముందు రేడియన్లలోకి మార్చాలి. అది మరిచిపోతే వచ్చే జవాబు ఏ ఊరికీ చెందదు.

పాకాల జంక్షన్
అర్థమైంది సార్, థాంక్స్. మరి 2,280 యాడ్నుంచి వచ్చింది?

లెక్కల మేష్టారు
అదీ సరైనదే, నిజానికి ఇంకా సరైనది. 2,289 భూమిని గుండ్రటి బంతి అనుకుని వేసిన లెక్క. భూమి నడుము దగ్గర ఉబ్బి, ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి ఉంటుంది. బంతి లెక్కలో ఉత్తర దక్షిణంగా ఒక డిగ్రీ అంటే ఎక్కడైనా 111.2 కి.మీ. అసలు భూమి మీద తిరుపతి దగ్గర అది 110.6, లేహ్ దగ్గర 110.9. మనది దాదాపు నిట్టనిలువు దారి. ఇరవైన్నర డిగ్రీలు ఎక్కేసరికి డిగ్రీకి పావో అరో కిలోమీటరు చొప్పున తరిగి 9 కి.మీ. తగ్గుతుంది. జీపీఎస్ వాడే నమూనాతో వేస్తే 2,280. టికెట్టు కొనేవాళ్ళకి ఈ తొమ్మిదితో పనిలేదు, గాల్లో నలభై సెకన్ల తేడా.
ఇంకో సైటులో 1,236 కనబడితే కంగారు పడకండి, అది నాటికల్ మైళ్ళలో. 1.852తో గుణిస్తే మళ్ళీ 2,289.

రేణిగుంట రన్‌వే
మేష్టారు చెప్పిన 'నిట్టనిలువు' దగ్గరే అసలు సంగతి ఉంది. తిరుపతి 79.5, లేహ్ 77.5. రేఖాంశంలో రెండు డిగ్రీలే తేడా. రేణిగుంటలో లేచి ఉత్తరానికి అయిదు డిగ్రీలు పడమరగా ముక్కు పెట్టి పోతే లేహ్ తగుల్తుంది. సగం దారి మధ్యప్రదేశ్‌లో సాగర్ ఊరి దగ్గర పడుతుంది.
ఇప్పుడు హైదరాబాద్ రేఖాంశం చూడండి, 78.4. ఢిల్లీ 77.1. రెండూ ఆ గీతకి ఆనుకునే ఉన్నాయి. తిరుపతి–హైదరాబాద్ 418, హైదరాబాద్–ఢిల్లీ 1,266, ఢిల్లీ–లేహ్ 622. మొత్తం 2,306. నేరుగా పోతే 2,289. అంటే రెండుచోట్ల దిగి ఎక్కినా చుట్టు తిరిగేది 17 కిలోమీటర్లే! రేణిగుంట నుంచి తిరుపతి బస్టాండుకి పోయినంత. దేశంలో ఇంత దూరాన ఉన్న రెండు చిన్న ఊర్లకి ఇట్లా కుదరడం అరుదు.
అదే బెంగళూరు మీదుగా పోతే 204 + 1,709 + 622 = 2,535. పావు వెయ్యి కిలోమీటర్లు జాస్తి.
కాబట్టి దూరం గురించి బెంగ వద్దు. టైమంతా నేల మీదే పోతుంది.

పలమనేరు ఘాట్
అన్నా, చిత్తూరు, పలమనేరు, కుప్పం వాళ్ళకి బెంగళూరే మేలు కదా? రేణిగుంటకి రావాలంటే ఎనకబాటు.

రేణిగుంట రన్‌వే
పలమనేరు, కుప్పం వాళ్ళకి మేలే, నేను కాదనలేదు. ముళబాగిలు, కోలారు మీదుగా రోడ్డున పోతే ఒక ఫ్లైటు తగ్గుతుంది, బెంగళూరు–ఢిల్లీకి పొద్దుట్నుంచి రాత్రిదాకా సర్వీసులే. చిత్తూరు టౌన్ వాళ్ళకి అటూ ఇటూ సమానం: తిరుపతికి 70 కి.మీ. పైచిలుకు, ఆ తర్వాత రేణిగుంట. బెంగళూరు విమానాశ్రయానికైతే నాలుగు గంటలు చేతిలో పెట్టుకోండి. పాకాల నుంచైతే మాత్రం రేణిగుంటే.

గంగమ్మగుడి వీధి
గాల్లో ఎంతసేపో ఎవరూ చెప్పలేదు. 2,289ని 830తో భాగిస్తే రెండుముప్పావు గంటలు. అంతేనా?

ఏటీఆర్ 72
అంతే కాదండీ, అందరూ తప్పేది ఇక్కడే. జెట్ విమానం గంటకి 830 కి.మీ. పోయేది పైకెక్కి సర్దుకున్నాకే. నేలమీద ట్యాక్సీ, ఎక్కడం, దిగడం, వరసలో నిలబడి రన్‌వే దొరకడం, ఇవన్నీ నెమ్మది పనులు. టికెట్టు మీద వేసేది విమానం కదిలిన క్షణం నుంచి గేటు దగ్గర ఆగేదాకా పట్టే టైము. అందుకని కిలోమీటర్లని 830తో భాగించి దానికి 40 నిమిషాలు కలపండి. ఏటీఆర్ లాంటి ఫ్యాను బండికైతే 500తో భాగించి 25 కలపండి.
తిరుపతి–హైదరాబాద్ ఏటీఆర్‌లో: 50 + 25, గంటంపావు. హైదరాబాద్–ఢిల్లీ: 91 + 40, రెండు గంటల పది నిమిషాలు. ఢిల్లీ–లేహ్: 45 + 40, గంటా ఇరవై అయిదు. కూడితే నాలుగు గంటల యాభై నిమిషాలు. నేరుగా ఫ్లైట్ ఉండి ఉంటే మూడు గంటల ఇరవై అయిదు నిమిషాలు. తేడా ఎక్కడిదో చూడండి. 17 కి.మీ.కి ఒక నిమిషం. మిగతాదంతా రెండుసార్లు అదనంగా లేచి దిగినందుకు, మొదటి ముక్క ఏటీఆర్‌లో పోయినందుకు.
హైదరాబాద్‌కి జెట్ దొరికితే అయిదు నిమిషాలు మిగులుతాయేమో, దానికోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు. 418 కి.మీ.లో జెట్ పూర్తి వేగం అందుకున్న కాసేపటికే దిగడం మొదలుపెట్టాలి.

గంగమ్మగుడి వీధి
పైన ఈదురుగాలి వల్ల పోయేటప్పుడు ఒక టైము, వచ్చేటప్పుడు ఒక టైము ఉంటుందంటారే?

ఏటీఆర్ 72
అది తూర్పు పడమర దారుల్లో. ముంబయి–కోల్‌కతాకి అటూ ఇటూ తేడా బాగా తెలుస్తుంది. చలికాలంలో ఉత్తర భారతం మీద పడమటి గాలి జోరుగా ఉన్నా, మన దారికి అది పక్కగాలి. 450 నాట్లతో (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) పోయే విమానానికి 100 నాట్ల గాలి సరిగ్గా పక్కనుంచి కొడితే ముక్కు కొంచెం గాలివైపు తిప్పుకుని పోవాలి, నేలమీద వేగం 439 అవుతుంది. పోయేటప్పుడూ అంతే, వచ్చేటప్పుడూ అంతే. హైదరాబాద్–ఢిల్లీలో మొత్తం చూసినా రెండు నిమిషాలు. సెప్టెంబర్‌లో అదీ ఉండదు.

కపిలతీర్థం
నాలుగు గంటల యాభై నిమిషాలు చూసి, పొద్దున ఇల్లు వదిలితే మధ్యాహ్నానికి లేహ్‌లో ఉంటామని ఎవరూ అనుకోవద్దు సామీ. ఇది కుదరదు, ఎందుకో చెప్తాను.
లేహ్ రన్‌వే సముద్రమట్టానికి 3,256 మీటర్ల ఎత్తున ఉంది, అడుగుల్లో 10,682. చుట్టూ కొండలు. సింధు లోయ వెంట వంగి దిగాలి, పైలట్‌కి లోయ కళ్ళకి కనబడాలి. ఎండ ముదిరేకొద్దీ కొండల మధ్య గాలి లేస్తుంది, మధ్యాహ్నం తర్వాత అది ఒక పట్టాన నిలకడగా ఉండదు. ఎండకి గాలి పలచబడటం ఇంకో ఇబ్బంది. అందుకే ప్రయాణికుల విమానాలు దాదాపు అన్నీ పొద్దుటిపూటే.
తిరుపతిలో ఎంత తెల్లారుజామున లేచినా హైదరాబాద్ మీదుగా ఢిల్లీ చేరేసరికి లేహ్ విమానాలు వెళ్ళిపోయుంటాయి. కాబట్టి రాత్రి ఢిల్లీలోనే. తిరుపతిలో మధ్యాహ్నం బయల్దేరి, రాత్రికి ఢిల్లీ చేరి, తెల్లారి ఆరు ఏడింటికి లేహ్ ఫ్లైట్ ఎక్కాలి. ఇల్లు వదిలింది మధ్యాహ్నం పన్నెండుకి అనుకుంటే లేహ్‌లో కాలు పెట్టేది మర్నాడు ఎనిమిది, తొమ్మిదికి. ఇరవై గంటలు. గాల్లో ఉండేది అందులో నాలుగో వంతు.
తిరుగు ప్రయాణం ఇట్లా కాదు. లేహ్‌లో పొద్దున లేస్తే ఢిల్లీకి ఇంకా పొద్దుగానే వస్తారు, మధ్యాహ్నం హైదరాబాద్, సాయంత్రం తిరుపతి సర్వీసు దొరికితే రాత్రి భోజనం ఇంట్లోనే. పోయేటప్పుడు ఇరవై, వచ్చేటప్పుడు పదీ పన్నెండు. దారి అదే, దూరం అదే.

శ్రీకాళహస్తి రోడ్
కపిలతీర్థం గారు చెప్పిన ఎత్తు సంగతికి ఒక చేర్పు. అక్కడి గాలి పీడనం మన దగ్గరున్న దాంట్లో మూడింట రెండు వంతులే, సుమారు 680 మిల్లీబార్లు. స్పీడోమీటర్లో 135 నాట్లు చూపిస్తూ దిగే విమానం రేణిగుంటలో నిజంగానే 135తో దిగుతుంది, లేహ్‌లో దాదాపు 159తో. మీటరు చూపేది గాలి తాకిడిని, అసలు వేగాన్ని కాదు. పలచని గాలిలో అదే తాకిడి రావాలంటే జోరుగా పోవాలి. వేగం 18 శాతం పెరిగితే బ్రేకుల మీద పడే శక్తి దాదాపు 40 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది వర్గం లెక్క. లేచేటప్పుడు ఇంకా కష్టం, ఇంజన్ బలమూ తగ్గుతుంది. అందుకే లేహ్ నుంచి వచ్చేటప్పుడు బరువు విషయంలో గట్టిగా ఉంటారు, కొన్నిసార్లు సీట్లు ఖాళీగానే వదిలేస్తారు. పోయేటప్పుడు సరిపోయిన సామాను వచ్చేటప్పుడు సరిపోదని ముందే అనుకోండి.

కపిలతీర్థం
అవును. ఇంకో విచిత్రం: విమానం లోపల గాలి పీడనం సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తుకి సమానంగా పెడతారు. లేహ్ పదివేలు దాటి ఉంది. అంటే మిగతా ఊర్లలో దిగేటప్పుడు చెవులకి 'కిందికి' అనిపిస్తే, ఇక్కడ దిగేటప్పుడు క్యాబిన్ 'పైకి' పోతుంది. తలుపు తీశాక ఊపిరి ఆడటం విమానంలో కంటే బరువుగా ఉంటుంది.
ఇది పెద్దాయన కోసం చెప్పేది. రేణిగుంట సముద్రమట్టానికి వంద మీటర్ల ఎత్తున ఉంది. ఒక్క రోజులో మూడు వేల మీటర్లు పైకి పోతున్నారు. దిగినరోజు, మర్నాడు గదిలోనే ఉండాలి. మెట్లు ఎక్కడం, ఊరు చూడటం ఏమీ వద్దు. తలనొప్పి, వాంతి, నడక తూలడం కనబడితే ఎదురుచూడకుండా ఆసుపత్రికి. ఎసిటజోలమైడ్ మాత్ర సంగతి బయల్దేరే ముందే డాక్టర్ని అడగండి, సల్ఫా మందులు పడనివాళ్ళకి అది పడకపోవచ్చు. బీపీకి, గుండెకి మందులు వాడేవాళ్ళు తప్పకుండా అడగాలి.

పలమనేరు ఘాట్
డిసెంబర్‌లో పోతే చవక కదా అని మా ఊర్లో అంటారు.

ఏటీఆర్ 72
చవకే, ఎందుకో కూడా తెలుసుకోండి. డిసెంబర్ చివర్నుంచి జనవరిలో సగందాకా ఢిల్లీలో తెల్లవారుజామున పొగమంచు దట్టం. ఆరింటి లేహ్ ఫ్లైటు మంచు విడేదాకా ఆగుతుంది. పదింటికి ఢిల్లీలో మంచు విడిచేసరికి అక్కడ లేహ్‌లో గాలి లేచే టైము దగ్గర పడుతుంది. మిగతా ఊర్ల ఫ్లైట్లు ఆలస్యంగా పోతాయి, లేహ్‌ది మాత్రం ఏకంగా రద్దవుతుంది. కొన్నిసార్లు లేహ్ దాకా పోయి, లోయ కనబడక, వెనక్కి ఢిల్లీకే వచ్చి దిగుతుంది. అందుకే ఏ కాలంలోనైనా ఢిల్లీలో ఒక రోజు అదనంగా పెట్టుకుని, తిరుగు టికెట్టు రోజున ముఖ్యమైన పని పెట్టుకోకపోవడం మంచిది. సెప్టెంబర్ మంచి ఎంపిక.

రేణిగుంట రన్‌వే
టికెట్టు ఎట్లా కొనాలో కూడా చెప్పేద్దాం. తిరుపతి–ఢిల్లీ ఒకే పీఎన్ఆర్‌లో తీసుకోండి. అప్పుడు రేణిగుంటలో వేసిన పెట్టె హైదరాబాద్‌లో చూసే పనిలేదు, మొదటిది ఆలస్యమై రెండోది పోతే ఆ సంస్థే ఇంకోదాంట్లో ఎక్కించాలి. విడివిడిగా కొంటే పెట్టె హైదరాబాద్‌లో బెల్టు మీంచి తీసుకుని, బయటికొచ్చి, మళ్ళీ లోపలికి పోయి ఇవ్వాలి. బయల్దేరడానికి గంట ముందే చాలా సంస్థలు కౌంటర్ మూసేస్తాయి. విడి టికెట్లకి మూడు గంటలు తేడా ఉండాలి, ఒకే టికెట్టుకి గంటన్నర చాలు.
ఢిల్లీ–లేహ్ మాత్రం వేరేగా తీసుకున్నా నష్టం లేదు, ఎట్లాగూ రాత్రి ఆగుతారు కదా.
వెతికేటప్పుడు కోడ్ చూసుకోండి. తిరుపతి టీఐఆర్. టీఆర్‌వీ అంటే తిరువనంతపురం, టీఆర్‌జెడ్ అంటే తిరుచిరాపల్లి. లేహ్ కోడు ఐఎక్స్‌ఎల్. అది ఐఎక్స్‌జే అయితే జమ్మూ.

గంగమ్మగుడి వీధి
ప్రసాదం, ఊరగాయ తీసుకుపోవచ్చా? లేహ్‌లో తెలిసినవాళ్ళకి ఇవ్వాలి.

శ్రీకాళహస్తి రోడ్
లడ్డు చేతిసంచిలో నిక్షేపంగా పోతుంది. చిన్న లడ్డు సుమారు 175 గ్రాములు, పది తీసుకుంటే ఒకటిముప్పావు కిలో. చేతిసంచికి మామూలుగా ఇచ్చేది 7 కిలోలు. ఊరగాయ, కారప్పొడి చేతిసంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పెట్టేస్తారు, అవి 15 కిలోల పెట్టెలో వేయండి. ఎండుకొబ్బరి రెండింట్లోనూ వద్దు, నూనె వల్ల మండే సరుకు కింద లెక్క. గుడిలో కొట్టించిన కొబ్బరిచిప్ప ఎండబెట్టింది కూడా అంతే. పవర్ బ్యాంకు దీనికి తలకిందులు: పెట్టెలో వేయకూడదు, చేతిసంచిలోనే ఉండాలి.
ఇక ఆవకాయ సీసా. ఇంట్లో మూత బిగించినప్పుడు లోపల చిక్కిన గాలికి ఇక్కడి పీడనం ఉంటుంది. లేహ్‌లో బయట పీడనం మూడింట రెండు వంతులు కాబట్టి ఆ గాలి ఒకటిన్నర రెట్లు ఉబ్బాలని చూస్తుంది. సీసా పక్కకి ఒరిగితే నూనెను మూత సందులోంచి బయటికి తోస్తుంది. సీసాలో సగం ఖాళీ వదిలితే తోసే గాలి జాస్తి. అందుకని మెడదాకా నింపండి, పైన వేలు మందం ఖాళీ చాలు. నోటికి ప్లాస్టిక్ కాగితం వేసి మూత బిగించి, సీసాని రెండు కవర్లలో కట్టి, పెట్టె మధ్యలో బట్టల్లో నిలువుగా పెట్టండి. లేహ్‌లో మూత ఒక్కసారిగా తిప్పొద్దు, సింకు దగ్గర నిలబడి రవంత వదులు చేసి గాలి పోనివ్వండి. మురుకుల ప్యాకెట్లు బంతుల్లాగా ఉబ్బుతాయి, సూదితో ఒక బొక్క పెట్టి డబ్బాలో పోసుకుపోతే సరి.

కపిలతీర్థం
ఒకటి మర్చిపోయాం. ప్రీపెయిడ్ సిమ్ మనది లడాఖ్‌లో పనిచేయదు. నలుగురిలో ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. లేహ్ విమానాశ్రయం సైన్యం చేతిలో ఉన్న చోటు, మెట్ల మీద నిలబడి ఫోటోలు తీయొద్దు. తిరుగు రోజున రెండు గంటల ముందు కాదు, మూడు గంటల ముందు చేరండి. తనిఖీలు ఎక్కువ. ఒక్కోసారి పెట్టె ఎక్కించే ముందు మీదేనని మీరే పోయి చూపించాల్సి ఉంటుంది.

పాకాల జంక్షన్
అందరికీ థాంక్స్ అన్నా. ఇట్లా వేసుకున్నాను, తప్పుంటే చెప్పండి. పాకాలలో పొద్దున పదకొండుకి బయల్దేరి రేణిగుంట. మధ్యాహ్నం హైదరాబాద్ ఫ్లైటు, అక్కడ రెండు గంటలు ఆగి సాయంత్రం ఢిల్లీ, ఒకే పీఎన్ఆర్. దిగేది టెర్మినల్ 1. రాత్రికి దగ్గర్లోనే గది. పొద్దున 6:20కి లేహ్ ఫ్లైటు, అది టెర్మినల్ 3.

రేణిగుంట రన్‌వే
లెక్క సరిగ్గా ఉంది. గది మాత్రం టెర్మినల్ 1 దగ్గర కాకుండా 3 వైపు తీసుకో. రెండూ ఒకే విమానాశ్రయం పేరే గానీ, నడిచిపోయే దూరం కాదు, రోడ్డున చుట్టి రావాలి. రాత్రి అలసటలో ఆ ముక్క పూర్తి చేసుకుంటే పొద్దున నాలుగింటికి పెద్దాయనతో పరుగు ఉండదు. 6:20 ఫ్లైటుకి 4:15కల్లా గేటు లోపల ఉండాలి. బయల్దేరే ముందురోజు రాత్రి టెర్మినల్ మారిందేమో మెసేజ్ మళ్ళీ ఒకసారి చూసుకో, ఢిల్లీలో మారుస్తూ ఉంటారు.

పాకాల జంక్షన్
సరే అన్నా, గది 3 వైపు మార్చేశాను. ఎక్సెల్‌లో కూడా ఇప్పుడు 2,289 వచ్చింది.